కిటికీ విభాగం, పెంగ్విన్ విభాగం

పెద్దమడుగు పురపాలక సంఘంలోకి లైనక్స్, కమిషనర్ భానోజీరావు గారి సంచీలో వచ్చింది. రాజధానిలో శిక్షణా తరగతులకు వెళ్లిన ఆయన, అక్కడ పంచిన గుడ్డసంచీ, పెంగ్విన్ బొమ్మ వేసిన కాఫీ కప్పు, ఒక దృఢవిశ్వాసం పట్టుకుని తిరిగొచ్చారు. లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే, డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్; పెంగ్విన్ దాని గుర్తు. విశ్వాసం ఏమిటంటే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడని కార్యాలయానికి స్వాతంత్ర్యం ఇంకా రానట్టే.

మర్నాడే ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే చలపతిని పిలిపించారు.

"పాత విండోస్ తీసీమంటారా సార్?" అన్నాడు చలపతి.

"తీసేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. అది ఉండగానే పక్కన ఇది కూడా ఉండాలి."

చలపతి డిస్కును రెండు భాగాలు చేశాడు. ఒక దాంట్లో విండోస్‌ను ఉన్నది ఉన్నట్టు వదిలి, రెండో దాంట్లో లైనక్స్ ఎక్కించాడు. యంత్రం ఆన్ చేయగానే రెండింట్లో ఏది కావాలని అడుగుతుంది. ఒకసారికి ఒకటే నడుస్తుంది.

సహాయ ఇంజనీరు విరజ అప్పుడు అక్కడే నిలబడి ఉంది. ఆమె ఆ ఊరికి బదిలీ మీద వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఊరి మంచినీటి గొట్టాల పటం మొత్తం ఆ ఒక్క కంప్యూటర్‌లో, విండోస్ భాగంలోనే ఉంది. కాగితం మీద గీసిన పటాలు ఒకప్పుడు ఉండేవి. కాగితరహిత పాలన వచ్చిన ఏడాది వాటిని స్కాన్ చేసి, పాత కాగితాలవాడికి వేసేశారు. వాల్వుల మీద ఆ తర్వాత రెండుసార్లు రోడ్డు వేశారు. అందుచేత ఏ గొట్టం ఎక్కడ మలుపు తిరుగుతుందో నేలకీ, ఆ డిస్కుకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"లైనక్స్‌లో ఉన్నప్పుడు నా పటం కావాలంటే ఎలాగ?" అని విరజ అడిగింది.

"ఇదిగోనండి మేడమ్." చలపతి తెర మీద ఎడమవైపున్న డిస్కు బొమ్మను నొక్కాడు. విండోస్ భాగంలోని ఫైళ్లన్నీ ఎదురుగా పరుచుకున్నాయి. "దీన్నే మౌంట్ చెయ్యడం అంటారు. ఒక్క నొక్కు, అంతే."

"ఎవరి అనుమతితో?" అన్నారు కమిషనర్ గారు.

చలపతి నవ్వాడు. "అనుమతెందుకండీ, డిస్కు ఒక్కటే కదా."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని విరజ తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పటికి మాత్రం కమిషనర్ గారి ముఖంలో నవ్వు ఆగిపోవడం ఒక్కటే గమనించింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "ఒకే డిస్కునందలి రెండు భాగములు రెండు వేర్వేరు అధికార పరిధులుగా పరిగణించబడును. ఒక పరిధియందలి ఫైలు వేరొక పరిధిలోనికి ప్రవేశించుట, తొంగిచూచుట, తరలుట మున్నగునవి సంబంధిత విభాగాధికారి ముందస్తు అనుమతి లేనిదే నిషిద్ధము."

విభాగాధికారులు కావాలి కనుక ఇద్దరిని నియమించారు. విండోస్ భాగానికి సీనియర్ అసిస్టెంట్ అప్పలనరసయ్య, లైనక్స్ భాగానికి జోసెఫ్ రత్నం. అప్పలనరసయ్య రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఏ కాగితం మీదనైనా మూడు రంగుల సిరాతో అభ్యంతరం రాయగలడు. జోసెఫ్ రత్నం మెత్తని మనిషి, రూలు పుస్తకం పక్కన లేకపోతే అన్నం సయించదు. ఆఫీసులో అందరూ వీళ్లను కిటికీ విభాగం, పెంగ్విన్ విభాగం అని పిలవసాగారు. కొన్నాళ్లకు కమిషనర్ గారే ఆ పేర్లతో బోర్డులు రాయించారు.

కంప్యూటర్ ఒక్కటే కాబట్టి పొద్దున పూట కిటికీ, భోజనాల తర్వాత పెంగ్విన్. ఒక కుర్చీలో రెండు పరిధులు కూర్చోకూడదు కనుక రెండు కుర్చీలు వేశారు. తన పూట కాని అధికారి తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి. దానికి 'నిరీక్షణ విధి' అని పేరు. పొద్దుటంతా జోసెఫ్ రత్నం గోడను చూసేవాడు. మధ్యాహ్నమంతా అప్పలనరసయ్య చూసేవాడు, మధ్యమధ్య గుర్రు పెట్టేవాడు.

ఊరు కూడా దీనికి సర్దుకోవలసి వచ్చింది. పొద్దున నమోదైన జననాలు విండోస్‌లో, మధ్యాహ్నం నమోదైనవి లైనక్స్‌లో ఉండేవి. కవలపిల్లల తండ్రి ఒకాయన, ఒక బిడ్డను నమోదు చేసేసరికి భోజనాల వేళ కావడంతో రెండోబిడ్డను మధ్యాహ్నం చేయించుకున్నాడు. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలని ఏ పరిధీ ధ్రువీకరించలేకపోయింది. ఇద్దరు అధికారులూ పరస్పరం ఉత్తరాలు రాసుకున్నారు. కిటికీ విభాగం రాసిన ఉత్తరాన్ని ముద్రించి, తపాలా గుమాస్తా చేతికిస్తే, అతను ఆఫీసు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి అదే బల్ల మీద పెట్టేవాడు. జోసెఫ్ రత్నం దాన్ని మళ్లీ అదే కంప్యూటర్‌లో టైపు చేసుకునేవాడు.

ఇంతలో అప్పలనరసయ్య ఫిర్యాదు చేశాడు. "వాళ్లకు మా ఫైళ్లు కనపడతన్నాయి. మాకు వాళ్లవి కనపడవు. ఇదేం న్యాయం సార్? ఆడవాళ్లుండే ఇంటి కిటికీలోకి చూసినట్టుంది."

చలపతిని పిలిపిస్తే, లైనక్స్ అమరిక విండోస్‌కు అర్థం కాదని, అది మామూలేనని చెప్పాడు. "పైగా విండోస్ ఆ భాగాన్ని ఖాళీ డిస్కు అనుకుంటుందండి. ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతాది. పొరపాటున సరే అనకండి, మొత్తం తుడుచుకుపోతాది."

అప్పటికే అప్పలనరసయ్య తెర మీద ఆ ప్రశ్న వచ్చి ఉంది. దాన్ని పైఅధికారుల నుంచి అందిన ప్రతిపాదనగా భావించి, "ఫార్మాట్ చేయుటకు ఈ విభాగమునకు అభ్యంతరము లేదు" అని రాసి, ఉత్తర్వుల నిమిత్తం ఫైలు పంపాడు. ఆ ఫైలు కమిషనర్ గారి బల్ల మీద కనపడ్డప్పుడు జోసెఫ్ రత్నం పరుగున వెళ్లి, సంతకం పడకముందే దాన్ని ఆపించాడు. విరజ అతనికి మంచినీళ్లు ఇచ్చింది.

తర్వాత నిద్ర గొడవ వచ్చింది. అప్పలనరసయ్య తన పూట అయిపోగానే యంత్రాన్ని మూసేవాడు గానీ, విండోస్ పూర్తిగా మూతపడేది కాదు. మళ్లీ త్వరగా లేవడానికి వీలుగా సగం మెలకువలో పడుకునేది. అది అలా పడుకుని ఉండగా లైనక్స్ వైపు నుంచి ఆ భాగం తెరిస్తే, 'చదువుకోవచ్చు, మార్చడానికి వీల్లేదు' అని తెర మీద వచ్చేది. జోసెఫ్ రత్నం ఈ సంగతిని వివరంగా నివేదించాడు. కమిషనర్ గారు చదివి, విధి నిర్వహణలో నిద్రించినందుకు సంజాయిషీ కోరారు.

అప్పలనరసయ్య జవాబు మూడు రంగుల్లో వచ్చింది. "నిద్రించినది విభాగము. విభాగాధికారి కాదు. విభాగము చార్జి అప్పగించకుండా నిద్రించినందున, అది లేచువరకు దాని ఆస్తులను ఇతరులు ముట్టరాదని మనవి."

ఈ వాదన కమిషనర్ గారికి ఎంతో నచ్చింది. పరిధి నిద్రలో ఉన్నప్పుడు చూడవచ్చును గాని తాకరాదని ఉత్తర్వుకు అనుబంధం జారీ చేశారు.

ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ విరజ పొద్దున పూటే తన పని ముగించుకునేది. ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. గొట్టాలు పొద్దున పూటే పగిలితే బావుండునని మాత్రం అనుకునేది.

అది మధ్యాహ్నమే పగిలింది. గోనెల వీధిలో పెద్ద గొట్టం. ఫిట్టర్ పైడిరాజు ఫోన్ చేశాడు.

"అమ్మా, బేగి రండి. నీరు కాన్పుల ఆస్పత్రిలోకి దిగిపోతంది. వాల్వు ఎక్కడుందో తెలిస్తే తిప్పీసెద్దుం. రోడ్డంతా తవ్వలేం కదా."

విరజ కంప్యూటర్ గదికి పరిగెత్తింది. పెంగ్విన్ విభాగం పని చేస్తోంది. కిటికీ విభాగం గోడవైపు తిరిగిన కుర్చీ ఖాళీగా ఉంది. అప్పలనరసయ్య పూట సెలవు పెట్టి మేనల్లుడి నిశ్చితార్థానికి వెళ్లాడు. విండోస్ మాత్రం పడుకుని ఉంది; దాన్ని లేపే అధికారం అతనికే ఉంది.

"జోసెఫ్ గారూ, నీటి గొట్టాల పటం తెరవండి. ఒక్క నొక్కు."

"నొక్కడానికేం మేడమ్, నొక్కుతాను. ఆరోహణ అనుమతి ఉందాండి?"

మౌంట్ అనే మాటను ఉత్తర్వులో ఆరోహణ అని అనువదించారు.

"ఆస్పత్రిలోకి నీళ్లొస్తున్నాయండీ."

"అత్యవసరానికి వేరే నమూనా ఫారం ఉందండి. దాని మీద కిటికీ విభాగాధికారి సంతకం కావాలి." అతను ఖాళీ కుర్చీ వైపు చూశాడు. నిజంగా బాధపడుతున్నాడని విరజకు తెలుస్తోంది. బాధ పడుతూనే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె కమిషనర్ గారి గదిలోకి వెళ్లింది. ఆయన పెంగ్విన్ కప్పులో కాఫీ తాగుతున్నారు. విషయమంతా విని, కళ్లు మూసుకుని ఆలోచించారు.

"చూడండి మేడమ్. సంబంధిత పరిధి ప్రస్తుతం నిద్రావస్థలో ఉన్నది. అనుబంధ ఉత్తర్వు ప్రకారం చూడడానికి అభ్యంతరం లేదు. తీసుకెళ్లడానికి అభ్యంతరం ఉంది."

"సరే సార్, చూస్తాను."

"ముద్రించకూడదు. ఫోన్‌తో ఫోటో తీయకూడదు. అది తరలింపు అవుతుంది."

"తీయను సార్."

"కాగితం మీద గీసుకోకూడదు."

విరజ తల ఊపి వచ్చేసింది. జోసెఫ్ రత్నం ఆ అనుమతి సంగతి కమిషనర్ గారిని ఫోన్‌లో అడిగి నిర్ధారించుకున్నాక, డిస్కు బొమ్మను నొక్కాడు. పటం తెరుచుకుంది. ఊరంతా ఒకే బొమ్మ. నీలిరంగు గీతలు, ఎర్ర చుక్కలు. ఆమె బల్లకు రెండు చేతులూ ఆనించి, పరీక్ష హాలు బయట ఆఖరి క్షణంలో పుస్తకం చూసుకునే పిల్లలా చూసింది. గోనెల వీధి. పాత బియ్యం మిల్లు ప్రహరీ. మూల నుంచి నాలుగు బారలు, మురుగుకాలువకు ఇవతల.

ఆస్పత్రి ముందు నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఆయాలు బాలింతలను బల్లల మీద కూర్చోబెట్టి, పసిపిల్లలను పై అరల్లోకి, మందుల పెట్టెల మధ్యకి చేర్చారు. కాన్పుగదిలో ఒక మనిషి నొప్పులు పడుతోంది, డాక్టరమ్మ నీళ్లలో నిలబడే పని చేస్తోంది. నర్సు ఒకామె విరజను చూసి, "ఇంకెంతసేపండీ?" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ గొంతు విన్నాక విరజ పైడిరాజు చేతిలోంచి గునపం తనే లాక్కుంది.

మిల్లు గోడ పక్కన రెండు పొరల రోడ్డు పగిలాక ఇనప మూత తగిలింది. పైడిరాజు కిందకి దిగి వాల్వు తిప్పాడు. వీధిలో హోరు క్రమంగా తగ్గింది. కాసేపటికి ఆస్పత్రి లోపల్నించి పసిబిడ్డ ఏడుపు వినబడితే, గుమ్మంలో గుమిగూడిన జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వారు. విరజ మట్టి చేతులతోనే మెట్టు మీద కూలబడింది.

మర్నాడు ఆమె బల్ల మీద మెమో ఉంది.

విచారణ కమిషనర్ గారి గదిలో జరిగింది. ఒక పక్క కిటికీ విభాగం, ఇంకో పక్క పెంగ్విన్ విభాగం కూర్చున్నారు.

"మీరు పటాన్ని చూశారు," అన్నారు కమిషనర్ గారు. "చూసిన సమాచారం ఇప్పుడెక్కడుంది?"

"గుర్తుందండి."

"అంటే మీ వద్ద ఉంది."

"గుర్తుంది అంటున్నానండి."

"అదే నేనూ అంటున్నాను. విండోస్ పరిధిలోని సమాచారం, ఆ పరిధి నిద్రలో ఉండగా, లైనక్స్ పరిధి గుండా కార్యాలయం దాటి గోనెల వీధికి వెళ్లింది. దేంట్లో వెళ్లింది? పెన్‌డ్రైవ్‌లోనా?"

"నా తల్లోనండి."

జోసెఫ్ రత్నం రాసుకున్నాడు. "తల. బాహ్య నిల్వ పరికరము. నమోదు కానిది."

"సార్, పసిపిల్లలున్న ఆస్పత్రి అది," అంది విరజ.

"దాన్ని ఎవరూ కాదనడం లేదు. సంఘం తరఫున మీకు అభినందన పత్రం కూడా సిద్ధమవుతోంది. అది వేరే ఫైలు. ఇది వేరే ఫైలు."

అప్పలనరసయ్య గొంతు సవరించుకున్నాడు. "నమోదు చేసీద్దాం సార్. స్టాకు రిజిస్టర్లో ఎక్కిద్దాం. పీడా పోతాది."

"స్టాకులో చేరిన వస్తువు మీద సంఘం పేరూ, నంబరూ తెల్లరంగుతో రాయాలండి," అన్నాడు జోసెఫ్ రత్నం, విరజ నుదురు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ. "ఏడాదికోసారి భౌతిక తనిఖీ కూడా ఉంటుంది."

"ఇంకో మార్గం లేదాండీ?" అంది విరజ.

ఉంది. సమాచారాన్ని తుడిచివేసి, తన వద్ద ఏ ప్రతీ మిగల్లేదని ధ్రువపత్రం ఇవ్వవచ్చు. విరజ అక్కడికక్కడే రాసి ఇచ్చింది. "పెద్దమడుగు పట్టణమునందలి వాల్వులు ఎచ్చటెచ్చట ఉన్నవో నాకు గుర్తు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

అప్పలనరసయ్యకు అనుమానం తీరలేదు. హఠాత్తుగా ముందుకు వంగి, "గోనెల వీధి వాల్వు ఎక్కడుందమ్మా?" అన్నాడు.

"ఏ వీధండీ?" అంది విరజ.

కమిషనర్ గారు సంతోషంగా తల ఊపారు. తుడిచివేత సంతృప్తికరమని నమోదైంది.

ఆ తర్వాత ఆమె దాన్ని పాటించింది కూడా. మధ్యాహ్నం పూట ఎక్కడ నీళ్లు కారినా, ఎవరేం అడిగినా, "నాకు గుర్తులేదండి, ధ్రువపత్రం ఇచ్చాను" అనేది. మిల్లు గోడ పక్కగా వెళ్లేటప్పుడు తల ఇంకోవైపు తిప్పుకునేది. పైడిరాజుకు మాత్రం, తమ ఇద్దరి మధ్యా ఏ పరిధీ లేదు కనుక, గుర్తులేని సంగతులన్నీ టీ కొట్టు దగ్గర చెబుతూ ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్న కమిషనర్ గారి క్వార్టర్లో గొట్టం పగిలింది. వంటింటి గోడ కిందనుంచి నీరు ఎగదన్నింది. పక్క వీధిలో ఉండే పైడిరాజు అరుపులు విని, వెళ్లి చూసి, ముందు విరజకే ఫోన్ చేశాడు.

"పెరట్లోకి వెళ్లు," అంది విరజ. "కరివేపాకు చెట్టు మొదట్లో రాతి పలక ఉంటుంది. దాని కింద."

"సార్‌తో చెప్పమంటారా?"

"వద్దులే. నీ పని నువ్వు చేసుకో."

ఆమె ఫోన్ పెట్టేసిందో లేదో కమిషనర్ గారి ఫోన్ వచ్చింది.

"మేడమ్, మా ఇంట్లో... వాల్వు ఎక్కడండీ?"

"నాకు గుర్తు లేదు సార్."

"మేడమ్, ఇది పరిహాసానికి సమయం కాదు."

"నేను రాసిచ్చాను సార్. గుర్తుందంటే అది తప్పుడు ధ్రువపత్రం అవుతుంది. ఆఫీసుకెళ్లి పటం చూద్దామంటే ఆదివారం ఏ పరిధీ తెరవరు."

అవతల ఇత్తడి గిన్నెలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. కమిషనర్ గారి భార్య గొంతు వినబడింది. "ఏటండీ ఆ మాటలు, బియ్యం డబ్బా తేలిపోతంది ఇక్కడ."

"పోనీ, నేను చెబుతున్నాను. గుర్తు తెచ్చుకోండి," అన్నారు కమిషనర్ గారు.

"మౌఖికంగా కుదరదేమో సార్. జోసెఫ్ గారు ఒప్పుకోరు."

ఆ మాటతో ఆయన అలవాటైన గొంతు తిరిగొచ్చింది. "రాసి పంపుతాను. ఉండండి." ఆయన మంచమెక్కి కూర్చున్నట్టున్నారు. ఫోన్ పెట్టకుండానే, పైకి చదువుకుంటూ సందేశం కొట్టసాగారు. "విషయం. సహాయ ఇంజనీరు వారికి వాల్వులను జ్ఞప్తికి తెచ్చుకొనుటకు అనుమతి మంజూరు చేయుట గురించి. సూచిక. అదే తేదీన ఇదే కార్యాలయాధిపతి గృహమునందు తలెత్తిన పరిస్థితి."

విరజ గోడకు ఆనుకుని, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. సూచిక అయ్యాక ఉపోద్ఘాతం వచ్చింది. ఉపోద్ఘాతంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆవశ్యకత కూడా ఉంది.

"కావున, పై పరిస్థితుల దృష్ట్యా, అనుమతి మంజూరు చేయడమైనది," అని కమిషనర్ గారు పంపే గుర్తు నొక్కారు.

అదే క్షణంలో పెరట్లో పైడిరాజు వాల్వును ఆఖరి చుట్టు తిప్పాడు. "ఆగిపోయిందండీ, ఆగిపోయింది," అని ఆయన భార్య గొంతు వినబడింది.

అటు ఆయన మంచం దిగిన చప్పుడు వినబడింది.

"మేడమ్," అన్నారు కమిషనర్ గారు, చాలా మెల్లగా. "మీరు సందేశం తెరిచారా?"

"ఇంకా లేదు సార్."

"తెరవకముందే ఆగిపోయింది." ఆయన గొంతులో భక్తి లాంటిది ఉంది. "ఉత్తర్వు అంటే అదీ. అందకముందే అమలైపోయింది."

విరజకు నిజం చెప్పాలనిపించింది. ఒక క్షణం నోరు తెరిచింది కూడా. కానీ అంత ఆనందాన్ని ఎవరైనా ఒక మనిషి నుంచి లాక్కోవాలంటే దానికేదో నమూనా ఫారం ఉండే ఉంటుందని ఊరుకుంది.

ఆ నెలలోనే 'జ్ఞప్తి అనుమతి విధానం' ఊరంతటికీ వర్తింపజేశారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు చెత్తబళ్ల దారులు గుర్తుంచుకోవడానికి, వీధిదీపాల మేస్త్రీ స్విచ్చులు గుర్తుంచుకోవడానికి విడివిడిగా దరఖాస్తులు పెట్టుకున్నారు. రెండు పక్క మునిసిపాలిటీల నుంచి అధ్యయన బృందాలు వచ్చి, పెరట్లోని రాతి పలకను కాక, కమిషనర్ గారి ఫోన్‌లోని సందేశాన్ని ఫోటో తీసుకుని వెళ్లాయి.

విరజకు తన అనుమతి పత్రం తపాలాలో అందింది. ఊరిలోని వాల్వులన్నింటినీ కార్యాలయ పనివేళల్లో ఆమె గుర్తుంచుకోవచ్చు. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు మినహా.

ఆమె దాన్ని టీ కొట్టు దగ్గర పైడిరాజుకు చదివి వినిపించింది. అతను గ్లాసు కింద పెట్టి, దిగులుగా చూశాడు.

"మరి ఆదోరం పూట పగిలితే ఏటి సేస్తారమ్మా?"

"ఆదివారం పొరపాటున గుర్తొస్తుందిలే," అంది విరజ.